మొదటి పీరియడ్ లెక్కలు

మా పక్కింటి ఆంటీ పోయిన నెలలో చనిపోయారు. పొద్దున నేను పిల్లకి లంచ్ బాక్సు సర్దుతుంటే ఆమె పెద్దకొడుకు వచ్చి తలుపు కొట్టాడు. ఆరడుగులు దాటిన మనిషి, గుమ్మంలో తల వంచుకుని, "మమ్ ఈజ్ గాన్, ఆంటీ" అని మాత్రం అన్నాడు. రెండు వారాలుగా రేపో మాపో అనుకుంటున్న కబురే. అయినా చేతిలోని పెరుగు డబ్బా మూత ఎక్కడ పెట్టానో ఆ పూటంతా దొరకలేదు.

మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో మా రెండిళ్ళకీ మధ్య ఒక చెక్క కంచె ఉంది. ఎనిమిదేళ్ళు ఆ కంచె మీదుగానే మా స్నేహం నడిచింది. ఆంటీ నైజీరియా నుంచి వచ్చిన యోరుబా జాతి మనిషి, ముసలివాళ్ళని చూసుకునే ఏజ్డ్ కేర్ హోములో నర్సు. భర్త ముందే పోయారు. కవల కొడుకులు. యోరుబావాళ్ళ లెక్కలో కవలల్లో వెనక పుట్టినవాడే పెద్దవాడట. లోకం ఎలా ఉందో చూసి రమ్మని తమ్ముణ్ణి ముందు పంపిస్తాడట. మా తలుపు కొట్టినవాడు అలా పెద్దవాడైన రెండోవాడు.

ఆమె ఊరు ఇకిరే. మీలో చాలామంది ఆ పేరు విని ఉండరు, నేనూ అంతకుముందు వినలేదు. ఇబాదాన్ నుంచి ఇఫే వెళ్ళే దారిలో ఉంటుంది. చుట్టూ కోకో తోటలు, అరటి, పామాయిల్ చెట్లు. కోకో గింజలు వాకిళ్ళలో చాపల మీద ఎండుతుంటే ఊరంతా పులిసిన వాసన వేస్తుందని, ఆ వాసన వచ్చిందంటే ఇళ్ళలో కొత్త బట్టలొస్తాయని చెప్పేవారు. ఆమె తండ్రి మసీదుకు వెళ్ళేవాడు, తల్లి చర్చికి వెళ్ళేది. రెండు పండగలూ ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్ళు. "ఇందులో విశేషమేముంది? మా వీధిలో సగం ఇళ్ళు అంతే" అనేవారు.

ఆ ఊరికి పేరు తెచ్చింది మాత్రం ఒక తినుబండారం. తొక్క నల్లబడేదాకా మగ్గిన అరటిపళ్ళు మనమైతే పారేస్తాం. వాళ్ళు వాటిని మిరపకాయతో మెదిపి, ఎర్రటి పామాయిల్‌లో నల్లగా అయ్యేదాకా వేయించి, చిన్న చిన్న గోపురాల్లా ఒత్తుతారు. దాన్ని దోదో అంటారు. ఇబాదాన్ దారిన పోయే ప్రతి లారీ, ప్రతి బస్సూ దానికోసం ఇకిరేలో ఆగాల్సిందే. పళ్ళు పారేయడానికి చేతులు రాని ఒక పేద ముసలమ్మ మొదట చేసిందని ఊళ్ళో చెప్పుకుంటారట. మా ఊరి గొప్పవాళ్ళంటూ ఆంటీ ఒక వరస చెప్పేవారు. రాజుగారు, ఒక జడ్జి, ఇంగ్లండు వెళ్ళి చదివిన మొదటి నర్సు, మాట్లాడినట్టే డోలు వాయించే ఒక ముసలాయన, ఆ దోదో ముసలమ్మ. చివర్లో, "ఒక ఇండియన్ కూడా" అనేవారు. ఆయనెవరో చాలా రోజులు నేను అడగలేదు.

నేను బట్టలు ఆరేస్తుంటే కంచె అవతలి నుంచి "ఎ కూ ఇషే" అనేవారు. పని చేసుకుంటున్నవాళ్ళని పలకరించే మాట అది. కూర్చున్నవాళ్ళకి ఒక పలకరింపు, వానలో తడిసి వచ్చినవాళ్ళకి ఇంకొకటి. మీకు ఇలాంటివి లేవా అని ఒకసారి అడిగారు. ఆలోచించి, "మేం కళ్ళముందు కనపడుతున్నదాన్నే అడుగుతాం ఆంటీ. బట్టలు ఆరేస్తున్నారా అని" అన్నాను. ఆ రోజు నుంచి నన్ను చూసినప్పుడల్లా "ఆర్ యూ హ్యాంగింగ్ క్లోత్స్?" అని అడిగి తనే నవ్వేవారు.

మా అమ్మ తెనాలి నుంచి మూడు నెలలు ఉండడానికి వచ్చినప్పుడు చూడటానికి వచ్చారు. లోపలికి అడుగు పెడుతూనే మా అమ్మ ముందు రెండు మోకాళ్ళ మీద కూర్చున్నారు. పెద్దవాళ్ళని ఆడవాళ్ళు అలాగే పలకరించాలి వాళ్ళలో. అమ్మ కంగారుపడి రెండడుగులు వెనక్కి వేసింది.

"అయ్యో అయ్యో, ఇదేంటమ్మా, లెగు, లెగు! ఏంటే, ఈమేంటి ఇట్టా కూర్చుంది?"

వెళ్ళేటప్పుడు అమ్మ జాకెట్ గుడ్డ పెట్టి, కుంకుమ భరిణె తెచ్చి, బొట్టు పెట్టొచ్చో లేదో తెలియక నా వంక చూసింది. ఆంటీ తనే నుదురు ముందుకు వంచారు.

ఆ ఇండియన్ ఎవరో తెలిసింది మరుసటి ఎండాకాలంలో. ఒక సాయంత్రం వెనక డెక్ మీద మా అమ్మాయి చేత భిన్నాలు చేయిస్తున్నాను. అప్పటికి అది అయిదో క్లాసు.

"తప్పు. మళ్ళీ చెయ్."

"మమ్మీ, ఐ డిడ్ ఇట్ ట్వైస్ ఆల్రెడీ!"

"రెండుసార్లూ తప్పే కదా. మళ్ళీ చెయ్!"

కంచె అవతల మొక్కలకి నీళ్ళు పడుతున్న ఆంటీ ఆగిపోయారు. పైపు చేతిలోనే ఉంది, నీళ్ళు చెప్పుల మీదే పారుతున్నాయి. "ఇప్పుడేమన్నావు?" అన్నారు. చెప్పాను. "అది మాటా? పేరు కాదా?" అన్నారు. ఆ తడి చెప్పులతోనే ముందు గేటు చుట్టూ తిరిగి మా డెక్ మీదికి వచ్చి కూర్చున్నారు.

ఎనభైల మొదట్లో అక్కడి ప్రభుత్వం హైస్కూలు చదువు ఉచితం చేసింది. ఊరూరా స్కూళ్ళు లేచాయి కానీ చెప్పేవాళ్ళు లేరు. ఘనా నుంచి, మన దేశం నుంచి టీచర్లను పిలిపించుకున్నారు. ఇకిరే స్కూలుకి లెక్కలు చెప్పడానికి ఒక సారు వచ్చారు. బోర్డు మీద చేత్తో గీస్తే కంపాస్‌తో గీసినట్టుండే వృత్తం, మాంసం ముట్టని మనిషి. ఏదో మొక్కు తీర్చుకుంటున్నాడనుకుని సంతలో ఆడవాళ్ళు ఆయన సంచిలో ఊరికే రెండు అరటికాయలు ఎక్కువ వేసేవాళ్ళట. లెక్క తప్పితే నోటుపుస్తకం వెనక్కి తోసి, నేనన్న ఆ రెండు ముక్కలే అనేవారు. అర్థం తెలియని పిల్లలు దాన్నే ఆయన పేరు చేశారు. మిస్టర్ మల్లిచే.

ఆంటీకి పదహారో ఏట తండ్రి పోయాడు. తల్లి దోదో చేస్తే, పిల్ల తట్ట నెత్తిన పెట్టుకుని రోడ్డు మీద అమ్మాలి. లారీలు ఎక్కువగా ఆగేది మధ్యాహ్నాలు. స్కూలు మానక తప్పదు అనుకుంటుండగా, ఆ టర్మ్ నుంచి వాళ్ళ క్లాసుకి లెక్కలు పొద్దున మొదటి పీరియడ్‌కి మారాయి. రెండు పీరియడ్లూ వరసగా. అవి వినేసి తట్ట ఎత్తుకునేది. అలా పరీక్ష గట్టెక్కింది. లెక్కల్లో మార్కులు రాకపోతే నర్సింగు స్కూలు గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదు.

"అది నా అదృష్టం అనుకున్నాను. నాకు పిల్లలు పుట్టాక ఒకరోజు తట్టింది. టైంటేబుల్ దానంతటదే మారదు కదా. ఆయన నన్ను రోడ్డు మీద చూసి ఉంటాడు" అన్నారు.

ఆ తర్వాత చెప్పినది చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు. చమురు ధర పడిపోయి, నెలల తరబడి జీతాలు ఆగిపోయి, బయటి టీచర్లు ఒక్కొక్కరే వెళ్ళిపోసాగారు. ఒక సాయంత్రం సారు వాళ్ళింటికి వచ్చారు. వెనక్కి తోసిన లెక్క ఈమె ఇంకా చేయలేదు. దానికే వచ్చారనుకుని కోకో బస్తాల వెనక దాక్కుంది. తల్లి పిలిచినా పలకలేదు. ఆయన కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. వచ్చింది వెళ్ళొస్తానని చెప్పడానికని మర్నాడు స్కూల్లో తెలిసింది.

"ఆయనెక్కడున్నారో కనుక్కోగలవా?" అని అడిగారు.

మా నాన్న రిటైరైన హెడ్మాస్టరు. కృష్ణా, గుంటూరు, ప్రకాశం మూడు జిల్లాల్లోనూ ఆయనకి తెలియని పాత టీచరు తక్కువ. ఒక్క ఫోను చాలు. "తప్పకుండా ఆంటీ, ఈ వీకెండ్ అడుగుతా" అన్నాను. ఆ వీకెండ్ ఎవరిదో పుట్టినరోజు. తర్వాత వీకెండ్ ఇంకేదో. నాన్నతో మాట్లాడే ప్రతిసారీ ఫోను పెట్టేశాక గుర్తొచ్చేది. ఏడాది దాటింది. ఆంటీ రెండుసార్లు గుర్తుచేసి ఊరుకున్నారు. క్యాన్సరు అని తేలి హాస్పిటల్ నుంచి వచ్చిన రోజు ఆ సంగతే ఎత్తలేదు. ఆ సాయంత్రమే నాన్నకి ఫోను చేశాను. తొమ్మిదో రోజుకి సారు నంబరు నా ఫోనులో ఉంది. తొమ్మిది రోజుల పనికి ఏడాదిన్నర పట్టించాను. ఈ వాక్యం రాయడానికే ఇదంతా మొదలుపెట్టానేమో.

సారు ఒంగోలులో కూతురి దగ్గర ఉన్నారు. ఎనభై అయిదు దాటాయి, వినికిడి తగ్గింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆంటీ వంటింటి బల్ల మీద చక్కెర సీసాకి ఫోను ఆనించి వీడియో కాల్ కలిపాను. అప్పటికే బాగా చిక్కిపోయిన ఆంటీ, పెళ్ళికి వెళుతున్నట్టు తలకి నీలం గుడ్డ చుట్టుకున్నారు. సారు ముఖం కనపడగానే కుర్చీ దిగి నేల మీద మోకరిల్లారు.

"ఏదమ్మా, ఎక్కడికి పోయింది ఆమె? కుర్చీ ఒక్కటే కనపడతా ఉంది" అన్నారు సారు. నేను ఫోను చేతిలోకి తీసుకుని కిందికి పట్టుకున్నాను.

ఆమె ఎవరో ఆయనకి గుర్తులేదు. ఇకిరే గుర్తుంది, తోటలు గుర్తున్నాయి, చలికాలంలో ఎడారి నుంచి వచ్చే దుమ్ము గుర్తుంది. ఆంటీ కోకో బస్తాల సంగతి చెప్పి క్షమించమని అడిగారు. నేను గట్టిగా అరిచి తెలుగులో చెప్పాను. "ఆ రోజు పది పన్నెండిళ్ళు తిరిగానమ్మా. ఎవరున్నారో, ఎవరు లేరో ఎవరికి గుర్తు? ఏడవొద్దని చెప్పు" అన్నారు. చెప్పాను.

అప్పుడు ఆంటీ అడిగారు. "సార్, మ్యాథ్స్ మొదటి పీరియడ్‌కి మార్చింది నాకోసమేనా?"

ఇదీ తెలుగులో అరిచి చెప్పాను. "టైంటేబుల్ నేనే వేసేవాణ్ణమ్మా. ఆఫ్టర్‌నూన్ ఆ హీట్‌కి లెక్కలు ఎవరి బుర్రకీ ఎక్కేవి కావు. అందుకని పొద్దున వేసుంటాను. ఈ పిల్ల కోసమని కాదే మరి..."

ఆంటీ నా ముఖంలోకి చూస్తున్నారు.

"అవునట ఆంటీ. తనే మార్చారట" అన్నాను.

అది అబద్ధం కాదు, నిజమూ కాదు. చాలా రోజులు నాలో నేనే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను.

చివరి వారంలో హాస్పిటల్లో నేనూ ఆమే ఉన్నప్పుడు కళ్ళు మూసుకునే అడిగారు. "ఆ రోజు సారు చాలా మాటలు చెప్పారు. నువ్వు రెండే చెప్పావు. ఆయన ఆఫ్టర్‌నూన్ హీట్ అన్నారు కదా?"

నేను ఆమె దుప్పటి అంచు సర్దాను.

"పరవాలేదు, నా తల్లీ. ఎండ కోసం వేసినా ఆ బెంచీ మీద కూర్చున్నది నేనే కదా" అన్నారు. నా చెయ్యి తీసుకుని తన దుప్పటి మీద పెట్టుకున్నారు. తర్వాత వాళ్ళ ఊరి సామెత ఒకటి చెప్పారు. ఇరవైమంది పిల్లలు ఇరవై ఏళ్ళ పాటు కలిసి ఆడుకోరట.

అంత్యక్రియలకి మెల్‌బోర్న్ నలుమూలల నుంచి వాళ్ళవాళ్ళు వచ్చారు. ఆడవాళ్ళంతా ఒకే తానులోంచి కత్తిరించిన ఊదారంగు బట్ట కట్టుకున్నారు. నాకూ ఒక ముక్క పంపారు, చీర మీద కండువాలా వేసుకున్నాను. డోలు వాయించిన ఆయన్ని అదేమంటోందని అడిగితే, "ఎవరి కూతురో, ఏ ఇంటి పిల్లో చెప్తోంది" అన్నాడు. పెద్దకొడుక్కి యోరుబా రాదు. అయినా వచ్చిన పెద్దల ముందు తడి గడ్డి మీద బోర్లా సాష్టాంగపడి లేచాడు. నల్ల సూటు ముందుభాగమంతా గడ్డిపరకలు. సాయంత్రం దాకా వాటిని దులుపుకోకుండానే అందరికీ మంచినీళ్ళు అందించాడు.

సారుకి చెప్పడం నా వంతు. మర్నాడు మధ్యాహ్నం వీడియో కాల్ చేశాను. ఒంగోలులో అప్పుడింకా పొద్దునే. కూతురు ఫోను ఆయన చేతికిచ్చింది. రెండుసార్లు చెప్పాక విన్నారు.

"నాకంటే చిన్నది కదమ్మా" అన్నారు. తర్వాత, "ఆ రోజు నుంచీ గుర్తు చేసుకుందామని చూస్తానే ఉన్నా. క్లాసు కనపడుతోంది, ముఖాలు కనపడ్డం లేదు. ఆ అమ్మాయి ఎక్కడ కూర్చునేదమ్మా? కిటికీ వైపా, తలుపు వైపా?"

నాకు తెలియదు. ఎనిమిదేళ్ళలో అడగలేదు. ఇప్పుడు ఎవరిని అడిగినా చెప్పేవాళ్ళు లేరు. అదే చెప్పాను.

ఆయన ఫోను పెట్టేయలేదు. ఎలా పెట్టేయాలో తెలియదనుకుంటా. మంచం మీద వెల్లకిలా పెట్టేశారు. తెర మీద సున్నం వేసిన ఇంటికప్పు, మెల్లగా తిరుగుతున్న ఫ్యాను. ఆ పక్కనే ఎక్కడో ఆయన కూతురితో చెబుతున్నారు, ఎర్రమట్టి రోడ్డు, స్కూలు దాకా రెండు మైళ్ళ నడక, వాకిళ్ళలో కోకో. నేనూ కట్ చేయలేదు. మాటలు ఆగిపోయాక కూడా చాలాసేపు ఆ ఫ్యాను తిరుగుతూనే ఉంది.