అమ్మమ్మ చుట్ట వాసన, నాన్న పరీక్ష

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. తొంభైల నాటి భిలాయి ఉక్కు టౌన్‌షిప్‌లో దయ్యం ఎదురొచ్చినా "ఏ షిఫ్టు?" అని అడిగి సైకిల్ తొక్కుకుంటూ పోయేవాళ్లం.

శ్రీకాకుళం నుంచి వచ్చి, సెక్టర్ 6 క్వార్టర్‌లో మాతో ఉన్న అమ్మమ్మ అడ్డపొగ తాగేది. మోచేయంత చుట్ట, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, అలాగే కూరగాయలవాడితో బేరమాడేది. నోరు తెరిస్తే కొలిమి తలుపు తీసినట్టుండేది, వాడు ధర తగ్గించేసేవాడు.

ఆవిడ పోయాక వచ్చిన ఎండాకాలంలో, మధ్యాహ్నం కూలర్ వేస్తే చాలు, తడిగడ్డి వాసనతో పాటు చుట్ట వాసన. అమ్మకి, చెల్లికి, నాకు. నాన్నకి మాత్రం రాదు.

అప్పుడే నాన్నకి రుఆబాంధా సెక్టర్‌లో పెద్ద క్వార్టర్ ఇచ్చారు. అమ్మ కదలనంది.

"మాయమ్మ ఇక్కడుంటే నానెలాగొస్తానండీ? ఒగ్గేసి పోమంటారేటి?"

నాన్న ప్లాంటు ల్యాబులో ఉక్కు నమూనాలు పరీక్షించే మనిషి. ఓ ఆదివారం మా ముగ్గురినీ కూలర్ ముందు కళ్లు మూయించి కూర్చోబెట్టాడు. వాసన వస్తే చెయ్యెత్తాలి, నోరు విప్పకూడదు. ముగ్గురి చేతులూ ఒకేసారి లేస్తే కొత్త క్వార్టర్ వద్దని చెప్పేస్తానన్నాడు.

కూలర్ హెలికాప్టర్‌లా లేచింది. నేను ఆగలేకపోయాను. "అబ్బ, వచ్చేసింది!"

"హా భయ్యా, సచ్‌ముచ్! నిజంగా నాకూ!" అంది చెల్లి.

కళ్లు తెరిస్తే అమ్మ చెయ్యి లేచే ఉంది. నా మాటకి ముందు లేచిందా, తరవాతా? చూడాల్సిన నాన్న నా వైపు చూస్తున్నాడు.

"అబద్ధమాడారనట్లేదు. కానీ ఈడు అరిసాక వచ్చిన వాసన ముక్కులోంచి వచ్చిందో, చెవిలోంచి వచ్చిందో నానెలాగ తేల్చీది?" అన్నాడు.

పెద్ద క్వార్టర్‌కి మారిపోయాం. కొత్తింట్లో అమ్మ సామాను విప్పకుండా గోడకానుకుని కూర్చుంది. కూలరింకా బిగించలేదు. నాన్న వసారాలోంచి లోపలికొచ్చి, గుమ్మంలో ఆగిపోయాడు.

"చుట్టెవలు కాల్చార్రా?"

ముక్కు అరిగిపోయేలా పీల్చాను. ఏమీ లేదు. చెల్లికీ లేదు. అమ్మ ఆయన మొహంలోకి చూసింది.

"నిజంగా వచ్చిందేటండీ?"

"ఒక్కడి ముక్కు లెక్కలోకి రాదులే," అని నాన్న బయటికి పోయాడు.

అమ్మకీ ఆ వాసన రాలేదు. అయినా లేచి గిన్నెల మూట విప్పి, స్టవ్ వెలిగించింది.

నాన్న మళ్లీ ఆ మాటెత్తలేదు. అమ్మ కోసం అబద్ధమాడాడేమో అనుకుందామంటే, గుమ్మంలో ఆయన మొహం సున్నంలా తెల్లబోవడం నేను చూశాను. ఇప్పటికీ అంతుపట్టదు. చూశానని చెప్పేది కూడా నేనొక్కణ్నే మరి.