సాంచాలు ఆగినా లేవని బిడ్డ

మా చిన్న తమ్ముని భార్య మొన్న గుండెపోటుతో పోయింది. ఆమె అనగానే నాకు ఒక మామూలు పొద్దు కళ్ల ముందుకొస్తుంది.

మాది నేత ఇల్లు. వెనక గదిలో మరమగ్గాలు, మేము సాంచాలంటాం, దడదడలాడుతున్నాయి. నేను పుట్టింట్లో ఉన్నాను. మా అమ్మ, అందరం అవ్వ అంటాం, జొన్నరొట్టె కాలుస్తోంది. మరదలు బిడ్డను ఉయ్యాలలో వేసి నూలు కండెలు చుడుతోంది. అంత చప్పుడులోనూ బిడ్డ హాయిగా నిద్రపోయేది. "ఎంత నిమ్మలమైన పిల్ల!" అని అందరం మురిసేవాళ్లం.

ఇంతలో కరెంటు పోయింది. మా వాడలో సాంచాలు ఆగితేనే, అలవాటైన చప్పుడు తప్పి, పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. పక్కింటి పాప ఏడుపందుకుంది. మా బిడ్డ కదల్లేదు.

"వదినె, ఇదెందుకు లేస్తలేదు?" అని మరదలు నన్నడిగింది.

"పండుకోనియ్యి పిల్లా, దిష్టి పెట్టకు," అన్నది అవ్వ.

మరదలు పళ్లెం మీద గరిటెతో కొట్టింది. అయినా లేవలేదు.

కరీంనగర్‌లో డాక్టరమ్మ పరీక్షచేసి, బిడ్డకు వినపడదని చెప్పి, అడిగింది: "కడుపుతో ఉన్న తొలి నెలలల్ల ఒంటిమీద దద్దులు, జ్వరం వచ్చినయా?"

వచ్చాయి. మా దగ్గర ఏ దద్దులైనా అమ్మవారే. పెద్ద తమ్ముని కొడుక్కి అమ్మవారు పోసినప్పుడు వేపాకు కట్టి, వాడి సేవ అప్పుడే కడుపుతో ఉన్న మరదలికే అప్పజెప్పాం. చిన్న కోడలే చేయాలని మా ఇంటి ఆనవాయితీ. ఆమెకూ సన్నగా లేచి, నాలుగు రోజుల్లో తగ్గాయి. అది రుబెల్లా అని, తల్లికి తేలిగ్గా పోయినా కడుపులోని బిడ్డ చెవులను, కళ్లను, గుండెను దెబ్బతీయగలదని డాక్టరమ్మ చెప్పింది.

ఇంటికొచ్చాక అవ్వ మాట వేరు. "గ్రహణం నాడు బయట తిరిగింది, గందుకే గిట్లయింది." వచ్చిన చుట్టానికల్లా అదే చెప్పింది. డాక్టరమ్మ మాట విన్న మేము నోరు మెదపలేదు. రోజూ దేవుని ముందు దీపం పెట్టే నేను కూడా.

మరదలు బిడ్డతోపాటు సైగలు నేర్చుకుంది. ఒకసారి నవ్వుతూ అన్నది: "తిడితె కండ్లు మూస్కుంటది వదినె. ఇగ నా తిట్లన్ని గాలికే."

మొన్న మరదలి దినాలైన సాయంత్రం, ఇప్పుడు ఎదిగిన ఆ పిల్ల మా అందరి ముందు చేతులు కదిపింది. చిన్న తమ్ముడు ఆ సైగలు మాకు విడమరిచాడు: "గ్రహణం నాడు అమ్మ బయటికెందుకు పోయిందని అడుగుతున్నది."



ఆ సాయంత్రమే అనుకున్నాం. ఇంటికి రాబోయే కొత్త కోడలికి, డాక్టరును అడిగి, కడుపు నిలవకముందే రుబెల్లా టీకా వేయించాలి. ఈ పిల్లకు నిజం అవ్వే చెప్పాలి.

అవ్వ తన చేతులు చూసుకుంది.

"నీ తల్లి తప్పు లేదు అని చెప్పెటందుకు చేతులెట్ల తిప్పాల్నో, జర నేర్పుండ్రి," అన్నది.