తొమ్మిదో సరస్సుకు వేరే నియమం

బురుల్కాన్ తన అరవై తొమ్మిదేళ్ళలో ఎన్నడైనా "తప్పు నాది" అనగా విన్నవాళ్ళు లేరు. మొగుడు వినలేదు, పై అధికారులు వినలేదు, కూతురు జూరా అసలే వినలేదు. బూర్సోకులనే పిండివంట మాడితే నూనెది తప్పు, కాలు బెణికితే మెట్టుది తప్పు. ఒట్టి మొండిఘటం. పనిమంతురాలు కాదనడానికి మాత్రం ఎవరికీ నోరు రాదు.

కొండల మీద మంచు కరిగి నిలిచిన పధ్నాలుగు సరస్సులను కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రామ్ ఆవిడ రాసిందే. సోవియట్ రోజుల్లో మొదలుపెట్టి, రిటైరయ్యేదాకా దాన్ని పసిబిడ్డలా సాకింది. వంట చెప్పినట్టు వరసగా రాసింది: మొదటి సరస్సు మట్టం చూడు, గీత దాటితే కింద లోయలో సైరన్ మోగించు, ఇక రెండోది చూడు. అలా పధ్నాలుగు సార్లు.

ఆవిడ చోట్లోకి వచ్చిన ఎల్దియార్ ఆ కాగితాలు తిరగేసి తల పట్టుకున్నాడు.

"ఒకటే ముక్క పధ్నాలుగు సార్లా, ఎజె? చేతులు నొప్పెట్టలేదా మీకు?"

వాళ్ళ భాషలో ఎజె అంటే అక్క. అమ్మమ్మ వయసున్నా ఆఫీసులో అందరికీ ఆవిడ ఎజెనే.

"నొప్పెట్టాయి. పని ఆగిందా?" అందావిడ.

ఎల్దియార్‌ది ఆబ్జెక్టుల పద్ధతి. 'సరస్సు' అని ఒక తల్లి మూస కట్టి, నియమాలన్నీ అందులో ఒక్కసారే రాశాడు. పధ్నాలుగు సరస్సులూ ఆ మూసకు పిల్లలు. తల్లి గుణమే పిల్లలకు వస్తుంది, తల్లిని దిద్దితే పిల్లలందరూ దిద్దుకుంటారు. ముచ్చటైన పని, ఎవరు చూసినా ముచ్చటేసే పని. బురుల్కాన్‌కు అందుకే ఒళ్ళు మండింది.

జూలైలో కొత్త ప్రోగ్రామ్ మొదలైన రోజున మర్యాదకు ఆవిడనూ పిలిచారు. పళ్ళెం నిండా బూర్సోకులు పట్టుకుని మధ్యాహ్నానికి వెళ్ళింది. పొద్దుటినుంచి తొమ్మిదో సరస్సు కిందున్న కారా-జిల్గా లోయలో మూడుసార్లు సైరన్ మోగించి చూశారట. జనం బెదిరిపోకుండా అక్కడున్న పన్నెండిళ్ళకీ మెసేజి కూడా పంపారు: ఇవాళ పరీక్ష మాత్రమే, ఎవరూ పరుగెత్తవద్దు. ఆ పన్నెండిళ్ళలో ఒకటి జూరాది. తేనెటీగలు పెంచుకుంటుంది.

తెర మీద పధ్నాలుగు దీపాలూ పచ్చగా వెలుగుతున్నాయి. ఎక్కడైనా లోపం దొరక్కపోతుందా అని బురుల్కాన్ కళ్ళద్దాలు పెట్టుకుంది. తొమ్మిదో సరస్సు దగ్గర చూపు ఆగింది.

"ఇది పొద్దుటినుంచి మీటరు తగ్గింది. పచ్చగా ఉందేంటి?"

"తగ్గితే మంచిదేగా, ఎజె."

"నా దాంట్లో తొమ్మిదోదానికి గుర్తు తిరగేసి ఉంటుంది. చూళ్ళేదూ?"

ఎల్దియార్ ఇబ్బందిగా నవ్వాడు. "చూశా. పదమూడింటికి 'ఎక్కువైతే' అనుంది, దీనికొక్కదానికే 'తక్కువైతే' అనుంది. మీకు చెయ్యి జారిందనుకున్నా. నలుగురిలో మిమ్మల్ని పలచన చెయ్యడమెందుకని చెప్పకుండానే దిద్దేశా."

ఆవిడ పళ్ళెం పక్కన పడేసింది. తొమ్మిదో సరస్సుకు గట్టు రాయి కాదు, మంచు. అది పొంగి పొర్లదు. అందులో నీరు తగ్గిందంటే, అది మంచు గట్టు అడుగున దారి తొలుచుకుని లోయ మీదికి బయల్దేరిందన్న మాట. ఈ సంగతి ఎప్పుడో ఒక కొండల శాస్త్రజ్ఞుడు వచ్చి చెప్పాడు, ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది. ఆవిడ గుర్తు తిప్పింది కానీ, ఎందుకు తిప్పిందో పక్కన ఒక్క ముక్క రాయలేదు. తెలియనివాళ్ళు వచ్చి తననే అడుగుతారులే అనుకుంది. అడిగించుకోవడం ఆవిడకు ఇష్టం.

"తొమ్మిదోదానికి తల్లి నియమం చెల్లదని రాయి. తొందరగా!"

"మూడు లైన్లు, ఎజె. మూడే లైన్లు," అంటూ ఎల్దియార్ రాసేశాడు. ఆ పద్ధతిలో దానికి చోటు మొదటినుంచీ ఉంది. ఉందని చెప్పవలసిన మనిషే చెప్పలేదు.

దీపం ఎర్రబడింది. లోయలో సైరన్ మోగింది. అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ, పొద్దుట పంపిన మెసేజి. దాన్ని మార్చాలంటే పై అధికారి అనుమతి కావాలి, ఆయన భోజనానికి వెళ్ళి ఫోను తియ్యడం లేదు. బురుల్కాన్ కూతురికి ఫోన్ చేసింది.

"అమ్మా, మీవాళ్ళకి పనీపాటా లేదా? నాలుగోసారి ఇది! ఈగలన్నీ రేగిపోయాయి."

"ఇది పరీక్ష కాదే. కొండెక్కు."

"పరుగెత్తొద్దని వాళ్ళే చెప్పారుగా. ఆ కుర్రాడు రాసింది తప్పని చూపించాలని నీకు ఆరాటం. నాకు తెలీదా నీ సంగతి?"

"జూరా. తప్పు నాది."

"ఏమన్నావు?"

"తప్పు నాదే, తల్లీ. అతనిది కాదు. నాది."

అవతల ఏదో గిన్నె కిందపడింది. తర్వాత జూరా పరుగు, రొప్పు, పక్కిళ్ళ వాళ్ళను పేరుపేరునా కేక వెయ్యడం, తలుపులు బాదడం. ఎవరో ముసలాయన నవ్వుతున్నాడు: "పరీక్షేనటగా అమ్మాయ్, ఎందుకా కంగారు? కూర్చో, టీ తాగు." ఆ నవ్వు వెనక, దూరంగా, నీటి హోరులో రాళ్ళు దొర్లుతున్న చప్పుడు వినిపించింది.