వాగు దిగుడులో రివర్స్ గేరు

సికింద్రాబాద్ నుంచి బయల్దేరి ఖమ్మం దాటేసరికి వాన పట్టుకుంది. కొత్తగూడెం వదిలాక అడవి మొదలైంది, రోడ్డు సన్నబడింది. సాయంత్రం ఐదు గంటలకు భద్రాచలం ఇవతల, అడవి అంచున మూసి ఉన్న ఒక బడిలో దిగి టార్పాలిన్లు కట్టుకున్నాం. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళ మాట ఇది. వరద డ్యూటీ. గోదావరి పొంగి వాగులు వెనక్కి తన్నుతున్నాయి.

నేను ఫౌజులో వెహికల్ మెకానిక్‌ని. మాది ఇల్లందు, నాన్న బొగ్గు బాయి మనిషి. సొంత జిల్లాకే డ్యూటీ మీద వచ్చానని నా కాలు నేల మీద నిలవలేదు.

మా దగ్గర ఒక విదేశీ లారీ ఉండేది. ఇనప బోటును మోసుకొచ్చి క్రేనుతో నీళ్ళలో దించడం దాని పని. క్లచ్ లేదు, అన్నీ ఆటోమేటిక్ గేర్లు. యూనిట్ మొత్తానికి అలాంటి బండి అదొక్కటే. దానికో రోగం పట్టుకుంది. ఒక్కోసారి రివర్స్ పడదు. ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు. కాసేపాగితే ఏమీ ఎరగనట్టు పడుతుంది. బడి ఆవరణలో ఎన్నిసార్లు పరీక్షించినా బుద్ధిగా పడేది. అందుకని దాని డ్రైవర్ చెప్పింది ఎవరూ నమ్మలేదు. ఆయన మరాఠీ హవల్దార్, మా జవాన్లందరికంటే సీనియర్, పద్ధతి తప్పని మనిషి. పని ఎగ్గొట్టడానికి గేరు సాకు దొరికిందని సుబేదార్ అందరి ముందూ అనేశాడు. ఆ పూట హవల్దార్ అన్నం ముట్టలేదు. నాకు ఒళ్ళు మండింది. గేరు మీట రాడ్లన్నీ విప్పి సరిచేశాను. లాభం లేకపోయింది.

మూడో రోజు పొద్దున ఆర్డరు వచ్చింది. వాగు అవతల ఒక గూడెం మునిగింది. జనం మిట్టెక్కారు. మిట్ట చుట్టూ నీళ్ళు పెరుగుతున్నాయి. తొమ్మిదింటికల్లా మేము రేవు దగ్గర ఉన్నాం. రోడ్డు నిటారుగా నీళ్ళలోకి దిగుతోంది. క్రేను చెయ్యి క్యాబిన్ మీదుగా ముందుకే వాలుతుంది కాబట్టి బండి ముక్కు నీళ్ళ వైపే ఉండాలి. పైకి రావాలంటే రివర్సే దిక్కు. వెనక నుంచి లాగడానికి ఉన్న ఇంకో లారీ రేషన్‌కి పోయింది.

పైకొసన ముందు చక్రాలు రెండూ దిగుడు మీదికి దించి చూశాం. రివర్స్ పడలేదు. కాసేపాగి మళ్ళీ చూస్తే పడింది.

బడి దగ్గరి నుంచి సుబేదార్ వైర్‌లెస్‌లో నన్ను అడిగాడు.

"బోటు దిగిందా?"

"లేదు సాబ్. రివర్స్ నమ్మకంగా లేదు."

"ఖాయమని నువ్వు చెప్తేనే దించండి. బండీ పోయి మనుషులూ పోతే నేను ఎవరికి చెప్పుకోను? లేకుంటే రేపు ఇంకో బోటు వస్తుంది."

రేపటిదాకా మిట్ట ఉంటుందా? మా పక్కన తడిసి నిలబడ్డ ఒకతను ఈ మాట విన్నాడు. మణుగూరులో గని కార్మికుడు. పెళ్ళాం బిడ్డను తీసుకుని పుట్టింటికి పోయి ఆ మిట్ట మీద చిక్కుకుంది. అతను అరవలేదు, ఏడవలేదు.

"అన్నా, నా బిడ్డ ఆడున్నది. గీ బండి దిగుతదా, దిగదా? గదొక్కటి జెప్పు. దిగదంటే నేనే ఈదుకుంట పోత."

ఆ నీళ్ళలో ఈదేవాడు బతకడు. నేను బండి చుట్టూ తిరిగాను. అప్పుడు తట్టింది. ఆవరణ చదును. అక్కడ పడుతుంది. ముక్కు కిందికి వాలితేనే మొరాయిస్తోంది! వాలినప్పుడు గేరు పెట్టెలో ఆయిల్ ముందుకు పోతుంది, వెనకనున్న పంపు గొట్టం గాలి పీలుస్తుంది. రివర్స్‌కి కావలసిన ఒత్తిడి రాదు. అంటే ఆయిల్ తక్కువ. కానీ హవల్దార్ రోజూ ఆయిల్ చూస్తాడు, రోజూ ఫుల్లే.

ఎలా చూస్తారో చూపించమన్నాను. ఆయన ఇంజన్ ఆపి, కాసేపాగి, ఆయిల్ కొలిచే పుల్ల తుడిచి ముంచి తీశాడు. గీత దాకా ఆయిల్. పొద్దున్నే ఫస్ట్ పరేడ్ తనిఖీలో, బండి స్టార్ట్ చేయకముందే ఆయిల్ చూడాలన్నది ఫౌజీ డ్రైవర్‌కి నరాల్లో ఇంకిన పద్ధతి. ఇంజన్ ఆయిల్‌కి అది సరైనదే. ఆటోమేటిక్ గేరు పెట్టెకు తప్పు. ఆగిన బండిలో ఆయిలంతా కిందికి చేరి నిండుగా కనిపిస్తుంది. ఇంజన్ వేడిగా తిరుగుతుండగా చూడాలి.

బండిని చదునుకు తెచ్చి, స్టార్ట్ చేయించి, గేర్లన్నీ ఒకసారి తిప్పించి పుల్ల తీశాను. కొసన తడి తప్ప ఏమీ లేదు. సంతోషంతో కేక వేయబోయి ఆపుకున్నాను. కిందికి దూరితే ఆ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ పైపు బిగింపు దగ్గర జిడ్డు కారుతోంది. బిగించాను. ఇంజన్ తిరుగుతుండగానే లారీలోని ఆయిల్ డబ్బా తెచ్చి, పుల్ల చూసుకుంటూ కొద్దికొద్దిగా గీత దాకా పోశాను. మళ్ళీ దిగుడు మీద ముక్కు వాల్చి, చక్రాల కింద రాళ్ళు పెట్టి, పదేపదే రివర్స్ వేయించాను. ప్రతిసారీ పడింది. హవల్దార్ నా వైపు చూసి ఒక్కటే అన్నాడు.

"నేను అబద్ధం చెప్పలేదు కదా?"

"లేదు సాబ్. మీరు చెప్పిందే నిజం."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు, వాననీళ్ళే అన్నట్టు. నేను వైర్‌లెస్‌లో రివర్స్ ఖాయమని చెప్పాను.

బండి నీళ్ళ అంచుకు దిగింది. బోటు ఈ వాగులో కొట్టుకుపోకుండా తాడు బండికే కట్టి వదిలాం. అందుకని బోటు వచ్చేదాకా బండి అక్కడే ఉండాలి. రెండు విడతల్లో గూడెం జనమంతా వచ్చారు. రెండో విడతలో ఆ గని కార్మికుడి భార్య, నడుమున బిడ్డ. అప్పటికి నీళ్ళు ముందు చక్రాల సగానికి వచ్చాయి. క్రేను బోటును ఎత్తుకుంది. హవల్దార్ మీట రివర్స్‌లోకి లాగాడు.

ఇంజన్ అరిచింది. బండి కదలలేదు. తర్వాత బురద వదిలిన ఒక్క కుదుపు. చక్రాలు వెనక్కి తిరిగాయి. మెల్లగా, మొండిగా, పైదాకా.

పది రోజుల తర్వాత సికింద్రాబాద్ తిరిగి వచ్చాం. తర్వాత ఎన్నో డ్యూటీలు చేశాను, చాలావరకు మరిచిపోయాను. ఇదొక్కటే పోదు. బండి పైకెక్కాక నేను వెనుదిరిగి చూశాను. ఇంకా మునగని ఆ కొంచెం బురదలో దాని చక్రాల గుర్తులు. మేము చూస్తుండగానే ఎర్ర నీళ్ళు వచ్చి వాటిని కప్పేశాయి. నా పక్కన అతను, భుజం మీద బిడ్డతో, అదే చోటును చూస్తూ, నా ఆయిల్ చెయ్యి వదలకుండా పట్టుకుని ఉన్నాడు.