రాజక్క వాళ్ల తుపాకీ మీది వెండి నెమలి

పొద్దున్నే పెదనాన్న కూతురు రాజక్క మన చుట్టాల వాట్సాప్ గ్రూపులో వాళ్ల డబుల్ బ్యారెల్ తుపాకీ ఫొటో పెట్టింది. నాకు కడుపు మండిపోయింది.

మీరూ వినే ఉంటారు. సంస్థానం రోజుల్లో, బాసగూడలో, తాత ఇద్దరు కొడుకులకీ చెక్క మీద వెండి నెమలి ఉన్న తుపాకులు ఒకేలాంటివి ఇచ్చాడు. పెదనాన్న దాన్ని తుడవడానికి తప్ప ముట్టుకోలేదు. "నాయిన ఇచ్చింది ఇచ్చినట్టే ఉండాలె" అనేవాడు. మా నాన్న తుప్పు గీకించి, పాత చెక్క పీకించి టేకు చెక్క వేయించాడు. చెక్కతోపాటే వెండి నెమలీ పోయింది. నేను ఏడిస్తే, "నెమలిని జూసి అడివి పందులు ఆగుతయా?" అన్నాడు. దసరాకి రాజక్క నెమలికి బొట్టు పెడుతుంటే నేను బోసి చెక్కకి పెట్టేదాన్ని.

ఇప్పుడు పాతవి సేకరించేవాళ్లు దానికోసం ఎగబడుతున్నారట. మాది ఎవరికీ అక్కర్లేదు.

వాళ్ల వరిలో పడ్డ పందిని కొట్టింది మాత్రం మా తుపాకీయే. ఆ కూర అడిగి మరీ వేయించుకుంది రాజక్క. ఫొటో కింద ఆ ముక్క రాయలేదేం?