స్టీరింగులో బెల్టు ముక్క

మీ వీధిలో ఒక మగవాడు రోడ్డు మీద చనిపోయినప్పుడు మీరు మొదట దేన్ని చూశారు? అతను నడిపిన బండినా, అతని భార్య పాదాలనా?

తొందరపడి జవాబు చెప్పకండి. గోదావరిఖనిలో మా వీధివాళ్లం ఏం చూశామో ముందు వినండి.

మా పక్కింట్లో బొగ్గు కంపెనీ ఇంజనీరు ఒకాయన ఉండేవాడు. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యాక కూడా తిరిగి వెళ్లకుండా ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. నేను ఈ నేల వాణ్ని, గని కార్మికుడి కొడుకుని. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఆయన రోజూ పూజ చేసేవాడు, నేను ఏ రోజూ చేయలేదు. ఒకప్పుడు మా ఊళ్లో హేతువాదులమని చెప్పుకునే వాళ్లం ఒక గది నిండా ఉండేవాళ్లం. కొందరు పోయారు, కొందరు స్వాముల దగ్గర చేరారు. చివరికి నాతో వాదించడానికి మిగిలింది ఈ ఒక్క భక్తుడే.

ఆదివారం పొద్దున మా వరండాలో టీ తాగుతూ మొదలుపెట్టేవాడు. "దేవుడు లేడని మీరు రుజువు చెయ్యండి మాష్టారూ."

"ఉన్నడని జెప్పేటోడే రుజువు దేవాలె, ఇంజనీర్ సాబ్."

టీ చల్లారిపోయేది. ఆయన భార్య గోడ మీదుగా తొంగిచూసి, "ఇద్దరిలో ఎవరు గెలిచినా సరే, ఉప్మా చల్లారకముందు ఒకరు ఇంటికి రండి" అనేది.

ఆయనకు పాత కార్ల పిచ్చి. హైదరాబాదులో ఒక బంగళా షెడ్డులో ఏళ్ల తరబడి పడి ఉన్న విదేశీ కారును కొన్నాడు. రెండే సీట్లు, గుడ్డ పైకప్పు, పొడుగాటి ముక్కు, ఎర్ర రంగు. పంతులు పెట్టిన ముహూర్తానికి రావలసిన లారీ దారిలో చెడిపోయి అమావాస్య నాడు వచ్చి దిగింది. ఈయన బూడిద గుమ్మడికాయ చేత్తో పట్టుకుని ఏం చేయాలో తోచక నిలబడ్డాడు. ఆయన భార్య మాత్రం తలుపు తీసుకుని స్టీరింగు ముందు కూర్చుంది. "ఏవండీ, దీనికి హారన్ ఎక్కడుందీ?" అని పగలబడి నవ్వింది. ఆయన చెల్లెలు, కోస్తాలో ఉండే ఆవిడ, ఇదంతా వీడియో కాల్‌లో చూస్తూనే ఉంది.

తరువాతి వేసవిలో, రామగిరి వైపు పోయే దారిలో, ఒక మలుపు దగ్గర ఆ కారు తిరగలేదు. నేరుగా వెళ్లి కల్వర్టు గోడకు కొట్టుకుంది. వేగం కూడా లేదని చూసినవాళ్లు చెప్పారు. దవాఖానకు చేరేలోపే ఆయన పోయాడు. అదుపు తప్పింది అని పోలీసులు కాగితంలో రాశారు. ఎందుకు తప్పిందని ఎవరూ అడగలేదు. అందరికీ జవాబు ముందే దొరికిపోయింది మరి.

కర్మ జరిగిన రోజున చెల్లెలు అందరి ముందూ అనేసింది. "అమావాస్య పూట ఆడది ముందు కాలు పెట్టింది. మా అన్నయ్యకి ఏదో మూడిందని ఆ రోజే అనుకున్నాను."

చీకటి రాత్రికీ ఇనుప బండికీ సంబంధమేమిటని నేనక్కడే గొంతెత్తి అడిగాను. ఆడమనిషి పాదానికి బండిని గోడకు కొట్టేంత శక్తే ఉంటే, గనిలో రాయి పగలగొట్టడానికి మందుగుండు ఎందుకు, ఇద్దరు ఆడవాళ్లను దింపితే సరిపోదా అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఎవరో నా భుజం పట్టుకుని బయటికి నడిపించారు.

కొన్ని నెలల తరువాత ఇంజనీరు భార్య మా గేటు దగ్గరికి వచ్చింది. ఆడపడుచు కూతురి పెళ్లి కుదిరింది. ఆ పిల్ల ఇంటరు చదివింది వీళ్లింట్లో ఉండే. రోజూ జడ వేసి, డబ్బా కట్టి, బస్సు ఎక్కించింది ఈమే. ఇప్పుడు ఆ తల్లి ఫోను చేసి, "నువ్వు రాకపోతేనే మంచిది వదినా, పిల్ల బతుకు కదా" అందట.

"మాష్టారూ, మీరు అన్నిటికీ రుజువు అడుగుతారు కదా. నాకిది తేల్చి చెప్పండి. నేను ముందు ఎక్కినందుకేనా?"

"కాదమ్మా."

"అలా కాదు. మీరు కాదనే అంటారు, అది మీ అలవాటు. చూసి చెప్పండి."

వాళ్లింటి షెడ్డు తాళంచెవి మా గేటు మీద పెట్టి వెళ్లిపోయింది. నన్ను జీవితంలో ఎవరూ అంత న్యాయంగా నిలదీయలేదు.

షెడ్డులో టార్పాలిన్ కింద ఆ కారు ముక్కు పగిలి పడి ఉంది. కార్ల గురించి నాకు తెలిసింది శూన్యం. బానెట్ కింద రేకు మీద ఉన్న నంబరు చూసి, ఇంటర్నెట్లో ఇలాంటి కార్లవాళ్లు మాట్లాడుకునే చోట రాశాను. ఎక్కడో చలిదేశంలో ఉన్న ఒక పెద్దాయన జవాబిచ్చాడు. నంబరును బట్టి ఫ్యాక్టరీ వివరాలు తీసి పంపాడు: ముదురు పచ్చ రంగు, సైకిలుకున్నట్టు తీగల చక్రాలు, కొన్నవాళ్లు ప్రత్యేకంగా అడిగి పెట్టించుకున్న హీటరు.

హీటరు! ఎండల వార్తల్లో దేశమంతా వినే ఊరు మాది. ఈ ఒక్క మాటతో ఇంజనీరును ఒక ఆదివారమంతా ఏడిపించేవాణ్ని. చెబుదామని గోడ వైపు తిరిగాను కూడా. గోడ మీద ఆరేసిన తువ్వాలు కదులుతోంది.

ఆ తరువాత రోజూ షెడ్డులోనే గడిపాను. తలుపు అంచున గీకితే ఎరుపు కింద మీగడ రంగు, దాని కింద పచ్చ. అయస్కాంతం పెట్టి చూస్తే ఎడమ మడ్గార్డుకు అంటుకోలేదు, లోపలంతా లప్పమే. ఎప్పుడో ఎవరో గుద్ది పూడ్చుకున్నారు. ఏ భాగం పుట్టుకతో వచ్చింది, ఏది మధ్యలో మారింది అని ఫొటో తీసి పంపితే ఆ పెద్దాయన ఓపికగా చెప్పేవాడు. ఒకసారి, మీ ఊళ్లో వాన పడుతోందా అని అడిగాడు. ఆ వారంలో నన్ను ఏదైనా అడిగిన మనిషి అతనొక్కడే.

హైదరాబాదులో ఈ కారును చూసుకున్న మెకానిక్ నంబరు వెతికి ఫోను చేశాను. "స్టీరింగు రాడ్డు రెండు ముక్కలుంటది సార్. మధ్యల గుండ్రటి రబ్బరు బిళ్ల కలుపుతది. అది పగుళ్లిచ్చింది, బయటినుంచి తెప్పించుకోమని జెప్పిన. సరే అన్నడు సార్ ఆయన" అన్నాడు.

పెద్దాయన ఆ బిళ్ల ఫొటో పంపాడు. దాని పక్కన రెండు ఉక్కు పిన్నులు. రబ్బరు చిరిగినా ఆ పిన్నులు ఒకదాన్నొకటి పట్టుకుని స్టీరింగు తిరిగేలా చేస్తాయని రాశాడు.

కింద దూరి చూడటానికి మా వీధి చివరి మెకానిక్‌ను పిలిచాను. గడప దగ్గరే ఆగిపోయాడు.

"సార్, ఈ బండి అచ్చిరాలే. ముట్టుకుంటె మంచిది గాదు."

"మరెందుకొచ్చినవ్?"

"నువ్వు పిలిస్తివి గదా. నిమ్మకాయ జేబుల ఏసుకొని వచ్చిన."

"మంచిగైంది. పనైనంక షర్బత్ జేస్కుందాం."

తిట్టుకుంటూనే కిందికి దూరాడు. బోల్టులు విప్పి ఒక నల్లటి ముక్కను తీసి నా చేతిలో పెట్టాడు. అది ఫ్యాక్టరీ బిళ్ల కాదు. గనిలోంచి బొగ్గును మోసుకొచ్చే రబ్బరు బెల్టు లోంచి గుండ్రంగా కోసింది. మా దగ్గర పాత బెల్టు ముక్క లేని ఇల్లుండదు. గుమ్మం ముందు పరుచుకుంటాం, పశువుల కొట్టంలో వేస్తాం, మోటారు కింద పెడతాం, చెప్పులకు అట్టలు కొడతాం. ఈ ముక్కలో బోల్టు రంధ్రాలు సాగి, చివరిదాకా చిరిగిపోయి ఉన్నాయి. ఉక్కు పిన్నులను ఆకురాయితో అరగదీశారు. బెల్టు మందంగా ఉంటుంది, పిన్నులు అడ్డమొచ్చి ఉంటాయి. అవి పోయాక, బెల్టు చిరిగితే స్టీరింగును పట్టుకునేదేదీ లేదు.

"బెల్టే గద సార్," అన్నాడు మెకానిక్, "అంత బొగ్గు మోస్తది, ఇంత చిన్న కారుకు ఆగదా? నేనైనా గిదే ఏస్తుంటి."

"మోసుడు వేరు, మెలిపెడితె ఆగుడు వేరు. చూడు, ఎట్ల చినిగిందో."

అతను చాలాసేపు ఆ ముక్కను వేళ్లతో తడిమాడు. జేబులోని నిమ్మకాయ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఎవరు కోశారని వెతకనక్కర్లేదు. షెడ్డు గోడకు మేకుకు వేలాడుతున్న బెల్టు పట్టీలో గుండ్రటి ఖాళీ ఉంది. ముక్కను అందులో పెట్టాను. సరిగ్గా కూర్చుంది. యంత్రాల మధ్య బతికిన నా మిత్రుడు, దేశం కాని దేశం నుంచి బిళ్ల వచ్చేదాకా ఆగలేక, చేతికి అందిన దాన్ని నమ్మాడు.

మరునాడు ఆమెను షెడ్డుకు పిలిచి అన్నీ చూపించాను. మొత్తం విన్నది. పట్టీలోని ఆ ఖాళీలో వేలు పెట్టి చుట్టూ తిప్పింది.

"అంటే నేను కాదు."

"నువ్వు గాదమ్మా."

"ఆయన."

నేను ఆ చిరిగిన ముక్కను ఆమె చేతికిచ్చాను.

"ఆయన చేతిపని గురించి ఈ ఊళ్లో ఎంత గొప్పగా చెప్పుకుంటారో మీకు తెలుసు. ఇప్పుడు తన చావు తానే కోసుకున్నాడని వాళ్ల చెల్లెలికి చెప్పమంటారా? వద్దు మాష్టారూ. నా కాలే అననివ్వండి."

నేను వాదించాను. అది నాకు బాగా వచ్చిన పని. పొరపాటు నింద కాదన్నాను, అబద్ధం మోయడం త్యాగం కాదన్నాను, ఈ రోజు నువ్వు మోస్తే రేపు ఇంకో ఇంట్లో ఇంకో ఆడపిల్ల మోస్తుందన్నాను. తల వంచుకుని అంతా వింది.

"మీరు గెలిచారు. ఇంక ఇంటికి వెళ్లండి," అంది.

చాలా రోజులు మాకు మాటల్లేవు. పెళ్లి రోజున ఆమె వాకిట్లో ఉంది. మంచి చీర కట్టుకుని మొక్కలకు నీళ్లు పోస్తోంది. చీర ఎందుకు కట్టుకుందో నేను అడగలేదు. కాసేపటికి ఫోను మోగింది. పరుగున లోపలికి వెళ్లి, వెంటనే బయటికి వచ్చింది. పెళ్లివాళ్లు కాదు, గ్యాసు వాడట. గోడకు ఇటు నేను, అటు ఆమె. ఆమె మళ్లీ మొక్కల దగ్గరికి నడిచింది.

అప్పుడు తెలిసింది నాకు, నేను సగం పనే చేశానని. తన తప్పు లేదని ఆమెకు తెలుసు. మా వీధి మెకానిక్‌కూ తెలుసు. అయినా ఆ పందిట్లో ఆమె కుర్చీ ఖాళీ. రుజువు నేను తేగలిగాను, పిలుపు తేలేకపోయాను. అది నా చేతిలో లేదు.

మళ్లీ మాటలు కలిశాక, ఇది రాయడానికి మొన్న ఆమె ఒప్పుకుంది. "అబద్ధం మోసినా పిలుపు రాలేదు కదా. పేర్లు మాత్రం రాయకండి. ఊరు రాసుకోండి" అంది. మరి కాసేపటికి గోడ మీదుగా, "చదివిన వాళ్లు ఏం చేస్తారు మాష్టారూ?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంది. మీ బంధువుల్లో, మీ వీధిలో భర్త పోయిన స్త్రీ ఒకరుంటారు. మీ ఇంట్లో జరగబోయే పెళ్లికి ఆమె ఇంటికి మీరే నడిచి వెళ్లండి. కార్డు వేరేవాళ్ల చేతికిచ్చి పంపకండి. ఫోను చేసి ఊరుకోకండి. పెద్దవాళ్లు గొణిగితే వాళ్ల ముందే మళ్లీ పిలవండి. తీసుకొచ్చి పందిట్లో మొదటి వరుసలో కూర్చోబెట్టండి, మొదటి అక్షింతలు ఆమె చేతికే ఇవ్వండి.