పసుపు సీసా, నా తెల్ల పంచె

నిన్న హనుమాన్ జంక్షన్‌లో నాకోసం అంబులెన్స్ పిలవబోయారండీ! ఒంటిమీద చూస్తే గీత కూడా లేదు. కారణం చెబుతాను, నవ్వకుండా వినండి.

వన్ టౌన్‌లో ఇన్నేళ్ళు బట్టల వ్యాపారం చేశానా, నా తెల్ల పంచె మీద మరక చూసిన మొనగాడు లేడు. కృష్ణకు వరదొచ్చినప్పుడు మోకాటిలోతు నీళ్ళలో నడిచొచ్చినా అంచు తడవలేదు! అంతటివాణ్ణి కాబట్టే మా తమ్ముడి కూతురు మాధవి ఆ సీసా నా చేతికిచ్చింది.

మాధవికి ఇబ్రహీంపట్నంలో చిన్న యూనిట్ ఉంది. పసుపులో ఉండే అసలు సారం నీళ్ళలో కలవదట, తాగినా ఒంటికి పట్టేది తక్కువట. పొద్దుతిరుగుడు గింజల్లోంచి తీసిన లెసిథిన్ అనే జిడ్డు పదార్థంతో ఆ సారాన్ని కంటికి కనపడనంత సన్నటి బొట్లుగా చేసి నీళ్ళలో నిలబెట్టింది మా పిల్ల. పారబోసినా మట్టిలో కలిసిపోయే సరుకు. జంక్షన్‌లో బాదంపాలు సీసాల్లో పోసి అమ్మే ఆసామి ఒకాయన, తన పాలల్లో కలపడానికి నచ్చితే మొదటి ఆర్డర్ ఇస్తానన్నాడు. తీరా సమయానికి మిషను మొరాయించింది. మెకానిక్‌ని వదిలి తను కదలలేదు. మిగిలిన శాంపిల్ ఆ ఒక్క సీసానే.

"మూత మాత్రం తీయొద్దు పెదనాన్నా!"

"నాకు చెప్పాలటే?"

బస్సులో పక్క సీటాయన సీసా వంక చూసి, "పసుపు నీళ్ళాండీ? కాసేపుంటే అడుక్కి దిగిపోద్ది" అన్నాడు.

అంటే నేనూరుకోవాలా? "దిగదు! చూస్తారా?" అని మూత తీసి, ఆయన వాటర్ బాటిల్లో రెండు చుక్కలు వేయబోయాను. డ్రైవరు అప్పుడే బ్రేకు కొట్టాలా! ముప్పాతిక సీసా నా ఒళ్ళో. మామూలు పసుపైతే దులుపుకునేవాణ్ణి. ఇది క్షణంలో పోగు పోగుకీ పాకేసింది.

ఫోన్ మోగింది. మాధవి!

"సీసా భద్రమేనా పెదనాన్నా?"

"నా ఒళ్ళోనే ఉందమ్మా."

అబద్ధమేం కాదు. కానీ ఆర్డర్ పోతే ఆ పిల్ల మొహం ఎలా చూడను?

దిగీ దిగగానే టీ హోటల్ పంపు దగ్గర బట్టల సబ్బుతో రుద్దాను. పచ్చన కాస్తా ఎర్రబడింది. ఇంకా రుద్దాను. ఇంకా ఎరుపు! పసుపులో సున్నం పడితే ఎర్రనీళ్ళవుతాయని దిష్టి తీసే ప్రతి ఇల్లాలికీ తెలుసు. సబ్బుకీ అదే గుణం ఉందని నాకెవరు చెప్పారు?

"అయ్యో పెద్దాయనా, ఎక్కడ తగిలిందండీ? ఒరేయ్, అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండ్రా!" హోటలాయన కేకకి జనం పోగయ్యారు.

"పసుపండీ బాబూ, పసుపు!" అంటే ఒక్కడు నమ్మితే ఒట్టు.

వాళ్ళను తప్పించుకుని, సంచి అడ్డం పెట్టుకుని ఆసామి ఆఫీసులో అడుగుపెట్టాను. నన్ను చూసి ఆయన కుర్చీలోంచి లేచాడు. జరిగింది చెప్పాక మిగిలిన పావు సీసా గ్లాసు నీళ్ళలో వంచి, బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. దిగుతుందా? దిగుతుందా? రేణువు కూడా దిగలేదు! గటగటా తాగేసి, సంచి పక్కకి తీయమని నా పంచె వంక పరీక్షగా చూశాడు.

"ఎక్కడా ముద్ద కట్టలేదే! ఎంత సమంగా పరుచుకుందో!"

అక్కడే మాధవికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. "సరుకు బాగుందమ్మా. ఆర్డర్ ఖాయం."

నా చెయ్యి దానంతటదే మీసం మీదకి వెళ్ళింది.

"ఒక్కటే షరతు. ఈసారి కొరియర్‌లో పంపించు. వాళ్ళు మూత తీయరు."